గాడిదకు రంగు కావలెను

సందేశం 1

అన్నా, ఫోన్ ఎత్తడం లేదని అలగకు. ఎత్తితే మాట్లాడాలి కదా. రాయడమైతే హాయి. తప్పులుంటే సర్దుకుని చదువుకో. పంతులు పేరు పిలిచిన ప్రతిసారీ బల్ల కింద దూరేవాడు మూడో తరగతి దాకా రావడమే గొప్ప అని నువ్వే అన్నావు.

అసలు సంగతి. గాడిద పుట్టింది! ఈ గ్రహం మీద మొట్టమొదటి గాడిద! పొద్దున్నే, జీవాలను పొదిగే గింజల ఇంట్లో పెట్టె తలుపు తెరుచుకుంది. పొగ వచ్చింది. పొగలోంచి రెండు చెవులు వచ్చాయి. చాలాసేపటికి వాటి వెనకాల గాడిద వచ్చింది. అన్ని జీవాల్లాగే ఇదీ గంజి రంగులో పుట్టింది, అంటే ఏ రంగూ లేదు. సున్నం గోడకు ఆనుకుంటే గోడకు చెవులు మొలిచినట్టుంది.

వచ్చీ రాగానే సూరీడత్త గిన్నెలో మూతి పెట్టి పులిహోర మొత్తం నాకేసింది. అందుకని దాని పేరు పులిహోర.

దీన్ని ఎవరు పెంచుతారని అడిగితే ఎవరూ చెయ్యి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. కానీ అది వచ్చి నా చొక్కా అంచు నోట్లో పెట్టుకుని నములుతూ నిలబడిపోయింది. అదే ఒప్పుకున్నట్టు లెక్క అన్నారు. వద్దని చెప్పాలంటే నోరు తెరవాలి కదా. తెరవలేదు. ఇప్పుడు నాకు గాడిద ఉంది.

సందేశం 2

నువ్వు గాలిమరల కొండకు వెళ్ళాక ఇక్కడ మొదలైన రంగుల గోల ఏమిటో సరిగ్గా చెప్పమన్నావు. చెబుతాను, నవ్వకు.

తాతలు భూమి మీద ఓడ ఎక్కేటప్పుడు చోటు చాలలేదట. ఏం వదిలేద్దామా అని కూర్చుని బాగా ఆలోచించి, ఆవకాయ జాడీ ఒక్కటి కూడా దింపకుండా, జంతువుల గింజల్లోంచి రంగు తీసేశారు. ఫోటోల్లోంచి కూడా రంగు తీసేసి, నలుపు తెలుపు చేసి సర్దుకున్నారు. "రంగు కూడెడతాదేటి?" అన్నారట. ఆవకాయ దారిలోనే అయిపోయింది. ఆ తాతలూ పోయారు. ఇప్పుడు ఏ జంతువు ఏ రంగో తెలిసిన మనిషి ఊళ్ళో ఒక్కడూ లేడు.

వాళ్ళు ఎవరినీ అడగకుండా తీసేశారు కాబట్టి, మనం అందరినీ అడిగే తిరిగి వెయ్యాలని ఊరు కట్టుబాటు పెట్టుకుంది. జంతువును పెంచినవాళ్ళే రంగుల సభలో నిలబడాలి. ఏ రంగో, ఎందుకో నోటితో చెప్పాలి. కాగితం చెల్లదు, ఫోనులో పంపినా చెల్లదు. "గొడవాడ్డానికి మనిసి ఎదురుగుండాల గదేటి" అంటాడు సభ పెద్ద కోటిలింగం తాత. కారణం నచ్చితే జనం తువ్వాళ్ళు గాల్లోకి ఎగరేస్తారు. అప్పుడు జంతువును సూరీడత్త చూసుకునే రంగుగదిలోకి తోలతారు. ఒకప్పుడు అది ఓడలో స్నానాలగది. పైనుంచి రంగు మంచులాగా కురుస్తుంది, తోలు తాగేస్తుంది. గదిలోని యంత్రం దాన్ని చూసి, ఆ జాతి గింజలన్నిటికీ అదే రంగు దించేస్తుంది. ఒకసారి పడిందంటే పడినట్టే. తుడుపు లేదు.

ఆ గదిలో జల్లు గొట్టాలు తోమేది నేనే కాబట్టి లోపల ఏం జరిగిందో నాకు తెలుసు. నీకు మాత్రమే చెబుతున్నాను.

పులికి నిండా నారింజ రంగు అడిగారు. కానీ దాన్ని గదిలోకి ఎవరు తీసుకెళ్తారు? బోనుతో సహా తోసేశారు. ఆ బోను ఊచలకు ముందురోజే నల్ల పెయింటు కొట్టారు. ఇంకా ఆరలేదు. పులికి ఒళ్ళు దురద పెట్టింది.

గేదెకు లేత నలుపు చాలన్నారు. అత్త గొట్టం తిప్పి టీ తాగడానికి వెళ్ళింది. దారిలో పక్కింటి చిట్టెమ్మ పిన్ని కలిసింది. ఇద్దరూ కోడళ్ళ గురించి మాట్లాడుకున్నారు. అత్త తిరిగి వచ్చేసరికి గేదె అలా అయింది.

కొంగకు గులాబీ రంగు ఖాయమైంది. జల్లు మొదలయ్యే సమయానికి కరెంటు పోయింది. పాపం, ఒంటికాలి మీద నిలబడి ఎదురు చూసింది. ఇప్పటికీ ఎదురు చూస్తోంది.

ఊసరవెల్లిని అన్నదమ్ములిద్దరు కలిసి పెంచారు. ఒకడు పచ్చ అంటే ఒకడు ఎరుపు అన్నాడు. ఒకడు తిప్పిన గొట్టం ఒకడు కట్టేశాడు. ఆ తగువు ఇంకా తెగలేదు. దాని ఒంటి మీదే నడుస్తోంది.

ఏనుగు గదిలో పట్టలేదు. బయట నిలబెట్టి, నేను గొట్టాలన్నీ కడిగిన నీళ్ళు పోశారు. అది చాలా బాగుందని అందరూ అన్నారు. నేను సిగ్గుపడ్డాను.

సందేశం 3

అన్నా, ఒక చిక్కు వచ్చింది.

పెద్ద ఎండ దగ్గరపడింది. నీకు తెలుసు కదా, ఆ రోజుల్లో సూర్యుడు మరీ కిందికి వచ్చేస్తాడు, చెప్పులు నేలకు అతుక్కుంటాయి. కొంగకంటే ఈకలు అడ్డం ఉన్నాయి, రంగు లేని తోలు ఆ ఎండకు ఆగదు, కాలిపోతుంది. అందుకే పెద్ద ఎండకు ముందు జరిగే ఆఖరి సభలో రంగు రాని జీవాన్ని తిరిగి పెట్టెలో పెట్టేస్తారు. అది కరిగి మళ్ళీ గింజ అయిపోతుంది. నొప్పి ఉండదంటారు. పులిహోర కూడా ఉండదు.

ఆ ఆఖరి సభ వచ్చే వారమే.

కోటిలింగం తాత దాన్ని చూడటానికి వచ్చాడు. చుట్టూ తిరిగాడు. పులిహోర తల నా చంకలో దూర్చేసింది. ఎవరైనా తేరిపార చూస్తే అది అలాగే చేస్తుంది.

"ఇదేట్రా గుంటడా, దీనికి మొకం నేదేటి?"

నేను నేల చూశాను.

"బళ్ళు వోటంతటవే నడుస్తన్నాయి. బరువులు యంత్రాలు మోస్తన్నాయి. గాడిదెందుకురా మనకి?"

నేను ఇంకాస్త నేల చూశాను.

సూరీడత్త గదిలోంచి అరిచింది. "మీరెందుకు బావూ మనకి? అడిగేమా ఎప్పుడైనా?"

తాత గట్టిగా నవ్వాడు. తువ్వాలు భుజాన వేసుకుంటూ నాతో మాత్రం మెత్తగానే అన్నాడు. "నాను సంపేవోణ్ణి కాదురా. కారణం సెప్పు, రంగట్టుకెల్లు. సెప్పకపోతే ఎండ నా మాట ఇంటాదేటి?"

నిజమే అన్నా. ఆయన మీద కోపం తెచ్చుకుందామంటే కూడా కుదరలేదు.

సందేశం 4

పైడితల్లి నాకు మాట్లాడటం నేర్పుతోంది. మన వెనక వీధి పిల్లే. కప్పకు పచ్చరంగు తెచ్చింది తనే. సభలో నిలబడి, "కప్ప రోజంతా అరుస్తాది. అరిసేది ఆకో కప్పో తెల్కపోతే ఆకుని తిడతాం. కప్ప సుకంగుంటాది" అంది. అంతే, తువ్వాళ్ళు గాల్లోకి లేచాయి. ఆ రోజు నుంచి పైడి మాటలకు ఆనకట్ట లేదు.

"మనుసులతో తరవాత. ముందు కోళ్ళకి సెప్పు" అంది.

కోళ్ళ ముందు నిలబడ్డాను. బాగానే ఉంది, అవి వాటి పని చూసుకుంటున్నాయి. నోరు తెరిచాను. ఒక కోడి తల ఎత్తి, పక్కకు వంచి, ఒంటి కంటితో చూసింది. దాన్ని చూసి ఇంకోటి. తర్వాత అన్నీ. నేను పారిపోయాను.

"ఒరే, కోళ్ళురా అవి! రేపు నీ పులుసులో ఉంటాయి!" అని అరుస్తూ పైడి నా వెనక. పైడి వెనక పులిహోర. పులిహోర వెనక, మేత ఉందనుకుని, కోళ్ళు. ఊరంతా బయటికి వచ్చి చూసింది.

ఆ సాయంత్రం పైడి కారణాలు వెతికింది. గాడిద గొంతు సైరన్ లాంటిది కాబట్టి ఎరుపు వేయిద్దామంది. చెవులు అరిటాకుల్లా ఉన్నాయి కాబట్టి పచ్చ వేయిద్దామంది. పులిహోర తిన్నది కాబట్టి పసుపు, దాని మీద ఆవాలంత చుక్కలు, మధ్యమధ్యలో కరివేపాకు అంది. నవ్వీ నవ్వీ ఇద్దరికీ పొట్ట నొప్పి వచ్చింది. తర్వాత నేను పులిహోర వైపు చూస్తే నవ్వు ఆగిపోయింది. పెద్ద ఎండ రాకముందే దాని చెవుల అంచులు కందిపోతున్నాయి. అత్త పాత చీర కప్పాను. అదేమో చీర కొంగు తినేసింది.

సందేశం 5

అన్నా, నువ్వు పంపిన కారణం చదివాను. మెరిసే ఎరుపు వేయించమన్నావు, కొండ మీద నుంచి కూడా నీకు కనిపిస్తుందన్నావు. మంచి కారణమే. కానీ దూరం నుంచి కనిపించడం అంటే నాకెంత భయమో నీకు తెలుసు. దానికీ అంతేనేమో.

ఈరోజు ఒకటి జరిగింది. మధ్యాహ్నం పులిహోర కనిపించకుండా పోయింది. నేనూ అత్తా పైడీ ఊరంతా వెతికాం. అత్త పొలికేకలు పెట్టింది. నేను కూడా పిలిచాను కానీ నాకే వినపడలేదు. ఆఖరికి వంటశాల వెనక బూడిద గుట్ట దగ్గర దొరికింది. బూడిదలో శుభ్రంగా పొర్లి, తల నుంచి తోక దాకా బూడిద పులుముకుని, గుట్ట పక్కన నిలబడి ఉంది. మేం దాని ముందు నుంచే రెండుసార్లు వెళ్ళామట. వంటవాళ్ళు చెప్పి నవ్వారు.

నేను దూరంగా నిలబడి చాలాసేపు చూశాను. జనం వస్తున్నారు, వెళ్తున్నారు. ఎవరూ దాన్ని చూడటం లేదు. అదేమో అందర్నీ చూస్తోంది. పప్పు వండేవాళ్ళనీ, తగువాడుకునేవాళ్ళనీ, కొత్త చొక్కా వేసుకుని ఊరికే తిరుగుతున్న సన్యాసి మావనీ, అందర్నీ. చెవులు ఇటూ అటూ తిప్పుతూ, ఇంత సంతోషంగా దాన్ని నేనెప్పుడూ చూడలేదు. తల దాచుకోవడానికి నా చంక కోసం కూడా వెతకలేదు.

కారణం దొరికింది అన్నా. నోరే దొరకలేదు.

అత్త తను చెబుతానంది. కట్టుబాటు ఒప్పుకోదు, పెంచినవాళ్ళే చెప్పాలి. "అయితే నువ్వు పెదాలాడించు, నేను నీ ఎనకాలుండి మాటాడతాను" అంది. అత్త గొంతు నీకు గుర్తుంది కదా. నా నోట్లోంచి ఆ గొంతు వస్తే పులిహోర ముందు నన్ను పెట్టెలో పెడతారు.

సందేశం 6

సభ అయింది. పరుగెత్తుకొచ్చి రాస్తున్నాను, అక్షరాలు ఎగిరిపడితే పట్టుకో.

ముందు సన్యాసి మావ పంది కోసం లేచాడు. "పందికి ఏ రంగేసినా బురదలోనే గదా పొర్లుతాది. దానికి కొత్త రంగు దండగ. అడుగున మిగిలిన నలుపు పొయ్యండి" అని కూర్చున్నాడు. తువ్వాళ్ళు లేచాయి. ఆ తర్వాత కోటిలింగం తాత నా పేరు పిలిచాడు.

"సోములూ! గాడిద!"

అందరూ నవ్వారు. ఆయన తిట్టలేదులే, వరసలో పిలిచాడంతే.

మధ్యలోకి వెళ్ళాను. ఊరు ఊరంతా చుట్టూ కూర్చుని ఉంది. కోళ్ళు గుర్తొచ్చాయి. నాలిక గంజిలో ముంచిన గుడ్డలా అయిపోయింది. పులిహోర పరిస్థితి ఇంకా ఘోరం. అన్ని కళ్ళను ఒకేసారి చూసేసరికి నా చంక సరిపోలేదు. నా వెనక్కి వచ్చి దాక్కుంది. అప్పుడు నేను ఒక్కడినే కనిపిస్తున్నాను కదా. నాకు తెలియకుండానే నేను దాని వెనక్కి వెళ్ళాను. అదేమో మళ్ళీ నా వెనక్కి వచ్చింది. నేను మళ్ళీ దాని వెనక్కి. అది నా వెనక్కి. అలా ఇద్దరం సభ మధ్యలో గానుగ తిరిగినట్టు తిరుగుతూనే ఉన్నాం.

ఓలమ్మో, ఆ నవ్వులు అన్నా! సన్యాసి మావ బల్ల మీంచి పడ్డాడు. ఒక ముసలమ్మ పళ్ళ సెట్టు తీసి చేత్తో పట్టుకుంది, ఎగిరి పోతుందేమోనని. కోటిలింగం తాత తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటూ, "ఆగండ్రా! మీలో రంగెవరికో సెప్పండ్రా ముందు!" అన్నాడు.

తల తిరిగి ఇద్దరం ఒకేసారి ఆగిపోయాం. నేను దాని వెనకాల ఉన్నాను. నాకు దాని వీపు తప్ప ఏమీ కనిపించడం లేదు. జనం లేరు. కళ్ళు లేవు. గంజి రంగు వీపు ఒక్కటే ఉంది. అప్పుడు ఆ వీపుతో చెప్పాను.

"దీనికి బూడిద రంగు కావాల."

"ఇనబళ్ళేదు! ఎవరు మాటాడతన్నారు, గాడిదేనేటి?" అని ఎవరో అరిచారు. మళ్ళీ నవ్వులు.

"బూడిద రంగు!" అన్నాను. అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు. "పులికి కనబడాలనుంటాది. నెమలికి కనబడాలనుంటాది. కనబడకూడదు అనుకునే వోలు కూడా ఉంటారు గదా తాతా. ఆలకి రంగేదీ?"

నవ్వులు కొంచెం తగ్గాయి.

"కనబడకుండా ఉండాలంటే గంజి రంగే ఉంచెయ్యొచ్చు గదరా" అన్నాడు సన్యాసి మావ, కింద నుంచి లేస్తూ.

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. కోళ్ళు కూడా అడగలేదు. కానీ దాని చెవి అంచు నా కళ్ళెదురుగానే ఉంది, కందిపోయి.

"గంజి రంగు ఎండకి కాలిపోతాది మావా. దాక్కోవాలన్నా ముందు బతకాల గదా" అన్నాను. నోరు ఒకసారి తెరుచుకుంది కాబట్టి మూయడం తెలియలేదు. "గాడిదెందుకు అన్నావు తాతా నువ్వు. అందరూ సూడండి సూడండి అనేవోలే అయితే సూసేవోలెవరు? ఇది సూస్తాది. రోజూ మనందర్నీ సూస్తాది. మనకే తెల్దు."

నాకు భయం వేసి వీపు మీంచి తల కొంచెం ఎత్తి చూశాను. అటు చివర కూర్చున్న చిట్టెమ్మ పిన్ని కోడలు ముందుగా కొంగు తీసి పైకి ఎగరేసింది. ఆ అమ్మాయి ఇంతవరకూ ఏ సభలోనూ ఏదీ ఎగరేయలేదు. ఆ తర్వాత ఒక మూల నుంచి ఒక తువ్వాలు. ఇంకో మూల నుంచి ఇంకోటి. అన్నీ మూలల్లోంచే అన్నా! మూలల్లో ఇంతమంది ఉన్నారని నాకు తెలియదు. తర్వాత మధ్యలోవాళ్ళూ ఎగరేశారు. ఆఖరున కోటిలింగం తాత తన తువ్వాలు విసిరాడు. అది తిన్నగా వచ్చి పులిహోర తల మీద పడింది. ఇక ఎవరూ కనిపించరని అది ఎంత సంతోషించిందో.

సందేశం 7

రంగు వేశారు. కానీ ఒక చిన్న పొరపాటు జరిగింది. చిన్నదే.

పులిహోర ఒంటరిగా గదిలోకి వెళ్ళనంది. అత్త తోసింది, పైడి లాగింది, పప్పుచెక్క చూపించింది. కదల్లేదు. నేను లోపలికి వెళ్తే నా వెనకే వచ్చేసింది. నేను బయటికి వస్తే నా వెనకే వచ్చేసింది.

"పెద్దెండొచ్చేత్తంది, ఇద్దరూ లోపలే సావండి!" అని అత్త తలుపు వేసి గొట్టం తిప్పేసింది.

పైనుంచి బూడిద రంగు మంచు. చల్లగా, మెత్తగా ఉంది. పులిహోర వణికింది. నేను దాని మెడ పక్కన నిలబడి గట్టిగా పట్టుకున్నాను. ఒక చెయ్యి భుజాల మీద అడ్డంగా, ఇంకో చెయ్యి వీపు మీద తోక వైపు నిలువుగా. అది ఎప్పటిలాగే మూతి తెచ్చి నా చంకలో పెట్టేసింది.

తలుపు తెరిచాక చూస్తే సంగతి తెలిసింది. చంకలో ఉన్న మూతికి రంగు పడలేదు, తెల్లగా ఉండిపోయింది. మంచు పైనుంచే కురుస్తుంది కాబట్టి పొట్టకు అందలేదు, అదీ తెలుపే. నా చొక్కా చేతులు పీల్చుకున్న రంగంతా కారి, నేను పట్టుకున్న చోట రెండింతలు పడింది. భుజాల మీద అడ్డంగా ఒక నల్లటి చార, వీపు పొడుగునా ఇంకో చార.

అత్త రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. "ఒరే, యంత్రం సూసేసిందిరా! గింజలన్నిటికీ దింపేసిందిరా!"

ఎవరూ గమనించని రంగు అని అంతసేపు వాదించి, వీపు మీద అంత పెద్ద గుర్తు పెట్టేశాను. కోటిలింగం తాత వచ్చి, వంగి, చారల మీద చెయ్యి పెట్టి చూశాడు. "తుడుపు నేదు గదా" అన్నాడు. ఆలోచించాడు. "పోన్లే. దాక్కునేవోణ్ణి ఎవుడో ఒకడు పట్టుకోవాల గదా" అన్నాడు.

ఇంకో విషయం, నేను కూడా లోపలే ఉన్నాను కదా. ఒంటి మీద రంగు సబ్బుతో పోయింది. జుట్టుది పోలేదు. పైడి నన్ను చూసి దణ్ణం పెట్టి, "తాతా, సేతికర్ర మరిసిపోనావు" అంది. రోజంతా అదే మాట. రేపు కూడా అంటుంది, నాకు తెలుసు.

సందేశం 8

పెద్ద ఎండ వచ్చి వెళ్ళింది. పులిహోర ఆ రోజులన్నీ బూడిద గుట్ట పక్కనే, తెల్ల మూతిని బూడిదలో దూర్చుకుని, హాయిగా గడిపింది. చెవుల అంచులు మానిపోయాయి.

ఈరోజు గింజల ఇంట్లో పెట్టెలన్నీ ఒకేసారి తెరిచారు. అన్నీ గాడిద పిల్లలే! చెవులు, చెవులు, చెవులు, ఎటు చూసినా చెవులే. తర్వాత గాడిదలు. అన్నీ బూడిద రంగే. అన్నిటికీ తెల్ల మూతి. ప్రతి దాని వీపు మీదా నా చేతులు అన్నా. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. ఇంకా ముట్టుకోనైనా లేదు, అన్నిటినీ నేను అప్పుడే పట్టుకుని ఉన్నాను.

ఊరంతా చూడటానికి వచ్చింది. చిట్టెమ్మ పిన్ని మనవడు, వాడింకా చిన్నవాడు, వాళ్ళమ్మ కొంగు వెనకాల నుంచి ఒక కన్ను మాత్రం బయటపెట్టి చూస్తున్నాడు. చాలాసేపు చూసి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"దాని ఈపు మీద ఆ గీతేటి?"

నాకు వినపడింది. అలాంటి గొంతులు నాకు బాగా వినపడతాయి. అలవాటుగా పైడి వైపు చూశాను, తను చెబుతుందని. పైడి నోరు తెరిచింది. తర్వాత, నువ్వు నమ్మవు, మూసుకుంది.

నేను వాడి పక్కన గొంతుక్కూర్చున్నాను. చెప్పాను అన్నా. ఓడ దగ్గర మొదలుపెట్టి, ఆవకాయ జాడీల మీదుగా, కోళ్ళ దాకా, సభలో గానుగ తిరగడం దాకా, గదిలో మంచు దాకా, మొత్తం. వాడు కొంగు వెనకాల నుంచి రెండో కన్ను కూడా బయటపెట్టాడు. ఎవరెవరు వచ్చి చుట్టూ నిలబడ్డారో నేను చూసుకోలేదు. చూసేసరికి చాలామంది ఉన్నారు. అప్పటికి కథ అయిపోవచ్చింది, మధ్యలో వదిలేస్తే బాగుండదని పూర్తి చేశాను.

సాయంత్రం ఫోన్ చెయ్యి అన్నా. ఎత్తుతాను.

కాసేపే మాట్లాడు.